భిలాయ్ బజారులో మర్యాద ఉంది, రసీదు లేదు

భిలాయ్ ఉక్కు కర్మాగారంలో తయారయ్యే ప్రతి రైలు పట్టాపైనా తయారీ సంస్థ గుర్తు, ఉక్కు రకం, తయారైన నెల, సంవత్సరం అచ్చు వేసి ఉంటాయి. లోపల పగుళ్లు ఉన్నాయేమో అతిధ్వని తరంగాలతో పరీక్షించిన తర్వాతగాని ఆ పట్టా కర్మాగారం గేటు దాటదు. ఏళ్లు గడిచిన తర్వాత ఎక్కడైనా ఒక పట్టా విరిగితే, అది ఏ మిల్లులో ఏ నెలలో తయారైనదో ఆ గుర్తులను బట్టి చెప్పవచ్చు. అయితే అదే పట్టాను తయారు చేసిన కార్మికుడు షిఫ్టు ముగించుకుని ఇంటికి వెళుతూ కొనే కిలో కందిపప్పు ఎక్కడిదో, ఏ ధరకు, ఏ తేదీన కొన్నదో చెప్పే కాగితం ముక్క అతని చేతిలో ఉండడం అరుదు.

ఇది భిలాయ్ వర్తకులకు మాత్రమే అంటగట్టవలసిన దోషం కాదు. దేశంలోని చిల్లర వర్తకంలో అధిక భాగం నోటిమాటపైనే సాగుతోంది. కాని కార్మికుల నెలసరి జీతాన్ని నమ్ముకుని పుట్టి పెరిగిన బజారు కావడం వల్ల, చిన్న దుకాణం నుంచి కొనుగోలుదారుడు ఏమి ఆశించవచ్చు, ఆశించినది దక్కనప్పుడు ఏమి చేయగలడు అన్న ప్రశ్న ఇక్కడ మరింత స్పష్టంగా కనబడుతుంది. పలకరింపుకు, పరిచయానికి ఇక్కడి చిన్న దుకాణాలలో లోటు లేదు. కాని పరిచయం వల్ల లభించే మర్యాద వేరు, హక్కుగా లభించే సేవ వేరు. ఈ రెంటికీ మధ్యనున్న తేడా చివరకు ఒక రసీదు దగ్గర తేలుతోంది.

సెక్టారుకొక బజారు

భిలాయ్‌లో ఉక్కు కర్మాగారం నిర్మాణానికి 1955 ఫిబ్రవరి 2న భారత, సోవియట్ ప్రభుత్వాల మధ్య ఒప్పందం కుదిరింది. 1959 ఫిబ్రవరి 4న నాటి రాష్ట్రపతి డాక్టర్ రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. తొలుత 10 లక్షల టన్నుల సామర్థ్యంతో మొదలైన ఈ కర్మాగారం దశలవారీగా 25 లక్షల టన్నులకు, ఆపైన 40 లక్షల టన్నులకు విస్తరించింది. అప్పట్లో మధ్యప్రదేశ్‌లో భాగంగా ఉన్న ఈ ప్రాంతం 2000 నవంబరు 1న ఏర్పడిన ఛత్తీస్‌గఢ్ రాష్ట్రంలో చేరింది.

కర్మాగారంలో పనికోసం దేశం నలుమూలల నుంచి జనం తరలివచ్చారు. ఉత్తరాంధ్ర జిల్లాల నుంచి వచ్చిన తెలుగువారి సంఖ్య కూడా తక్కువేమీ కాదు. ఖుర్సీపార్ వంటి ప్రాంతాలలో నేటికీ వీధిలో తెలుగు వినిపిస్తుంది. సెక్టారు 5లోని బాలాజీ ఆలయం ఇక్కడి తెలుగువారికి కూడలిగా ఉంటోంది. ఈ పట్టణాన్ని 'మినీ ఇండియా' అని పిలవడం పరిపాటి అయింది.

టౌన్‌షిప్‌లో ఇళ్లు, రోడ్లు, బడులు, ఆసుపత్రితో పాటు బజార్లను కూడా కర్మాగార యాజమాన్యమే ఏర్పాటు చేసింది. సెక్టార్లలోని దుకాణాలను యాజమాన్యం వర్తకులకు కేటాయించింది. ఒక సెక్టారులో ఎన్ని దుకాణాలు ఉండాలో ముందే నిర్ణయమై ఉండడంతో పోటీకి హద్దు ఏర్పడింది. అదే సమయంలో వర్తకుడికి ప్రతి ఇల్లూ తెలుసు. ఎవరు ఏ విభాగంలో పనిచేస్తున్నారో, ఎవరి అమ్మాయి పెళ్లికి ఉన్నదో కూడా తెలుసు. టౌన్‌షిప్ హద్దులకు వెలుపల సుపేలా, పవర్ హౌస్, క్యాంపు ప్రాంతాలలో మాత్రం బజార్లు తమంతట తామే పెరిగాయి. సుపేలాలో జరిగే ఆదివారం సంత, పవర్ హౌస్ వద్దనున్న జవహర్ మార్కెట్ ఈ కోవకు చెందినవే. అక్కడ పోటీ ఎక్కువ, బేరం ఎక్కువ, పరిచయం తక్కువ.

ఆంధ్ర పాఠకులకు ఈ ఏర్పాటు కొత్తది కాదు. విశాఖ ఉక్కు కర్మాగారానికి చెందిన ఉక్కునగరంలోనూ, సింగరేణి బొగ్గు గనుల పట్టణాలలోనూ బజారుకు, కార్మికుని జీతానికి మధ్య ఇటువంటి బంధమే కనబడుతుంది. జీతాల రోజున బజారు కళకళలాడడం, నెలాఖరున వెలవెలబోవడం ఇటువంటి ఊళ్లన్నిటికీ సమానమే.

ఖాతా పుస్తకానికి రెండు వైపులు

నెలకొకసారి జీతం అందే ఊళ్లో వర్తకం అప్పు లేకుండా నడవదు. వర్తకుని గల్లాపెట్టె పక్కన ఉండే ఖాతా పుస్తకంలో ఇంటికొక పేజీ ఉంటుంది. నెలంతా తీసుకున్న సరుకులు అందులో ఎక్కుతాయి. జీతం రాగానే లెక్క తేలుతుంది. ఇంట్లో జబ్బు చేసినా, పని ఆగిపోయినా, శుభకార్యం వచ్చినా సరుకు మాత్రం ఆగదు. ఏ బ్యాంకూ హామీ లేకుండా ఇవ్వని రుణాన్ని వీధిచివరి కిరాణా వర్తకుడు ముఖపరిచయం మీద ఇస్తాడు. ఇంతకంటె మంచి సేవ ఏముంటుందని ప్రశ్నిస్తే జవాబు చెప్పడం కష్టం.

అయితే ఈ పుస్తకానికి మరో వైపు కూడా ఉంది. అది ఉండేది వర్తకుని వద్ద. అందులో రాసేది వర్తకుడు. ఏ రోజున ఎంత తూకం వేశారు, ఏ ధర కట్టారు అన్నది కొనుగోలుదారునికి నెలాఖరున మొత్తంగా మాత్రమే తెలుస్తుంది. బియ్యంలో రాళ్లు కనబడినా, నూనె వాసన వచ్చినా, తూకం తగ్గినట్లు తోచినా, పాత బాకీ ఉన్నవాడు నోరు విప్పడు. గట్టిగా అడిగితే రేపటి సరుకు ఆగిపోతుందన్న భయం అతనికి ఉంటుంది. అప్పు చేసి పప్పుకూడు తినవద్దని పెద్దలు హెచ్చరించారు. ఇక్కడ పప్పుకూడు విలాసం కాదు, నిత్యావసరం. ఆ పప్పు బాగాలేదని చెప్పే స్వేచ్ఛను సైతం ఆ అప్పు హరించివేస్తోంది.

ఈ భారం అందరిపైనా సమానంగా పడడం లేదు. కర్మాగారంలో శాశ్వత ఉద్యోగం ఉన్నవారికి నెల తిరిగేసరికి జీతం బ్యాంకులో జమ అవుతుంది. ఒక దుకాణం నచ్చకపోతే మరో దుకాణానికి, అదీ కాకపోతే సుమారు 30 కిలోమీటర్ల దూరంలో ఉన్న రాయ్‌పూర్‌కు వెళ్లగలరు. కాంట్రాక్టరు కింద పనిచేసే కూలీకి ఆ వెసులుబాటు లేదు. పని ఎన్ని రోజులు దొరుకుతుందో, కూలి ఏ తేదీన చేతికి వస్తుందో తెలియనివానికి అప్పు పెట్టే దుకాణమే దిక్కు. ఒకే దుకాణం ముందు నిలబడిన ఈ ఇద్దరూ ఒకే సరుకు కొంటున్నా, అడిగే శక్తిలో మాత్రం సమానులు కారు.

రాచ్‌డేల్ నేతగాళ్ల అనుభవం

పారిశ్రామిక కార్మికుడు దుకాణదారుని అప్పులో చిక్కుకోవడం పరిశ్రమలంత పాత విషయమే. పారిశ్రామిక విప్లవ కాలంలో ఇంగ్లండులోని పలుచోట్ల యజమానులు కూలిని డబ్బుగా కాక సరుకుగా ఇచ్చేవారు. లేదా తమ సొంత దుకాణాలలోనే ఖర్చు చేయాలని నిర్బంధించేవారు. ఈ పద్ధతిని అరికట్టేందుకు 1831లో అక్కడి పార్లమెంటు చట్టం చేయవలసి వచ్చింది. కల్తీ పిండి, తక్కువ తూకం ఆ రోజులలో కార్మిక పేటలకు నిత్యానుభవం.

ఈ పరిస్థితులలో మాంచెస్టర్ సమీపాన రాచ్‌డేల్ పట్టణానికి చెందిన నేతగాళ్లు, ఇతర వృత్తులవారు 28 మంది కలిసి సొమ్ము కూడబెట్టి, 1844 డిసెంబరు 21న టోడ్ లేన్ అనే వీధిలో ఒక చిన్న దుకాణం తెరిచారు. వెన్న, పంచదార, పిండి, ఓట్ పిండి, కొవ్వొత్తులు మాత్రమే అక్కడ తొలుత లభించిన సరుకులు. కల్తీ లేని సరుకు, నిండు తూకం వారి నియమాలు. లాభాన్ని కొనుగోలు చేసిన మొత్తాన్ని బట్టి సభ్యులకు పంచారు. ప్రపంచ వినియోగదారుల సహకారోద్యమానికి అదే నాంది అయింది.

వీటితో పాటు వారు పెట్టుకున్న మరో నియమం అప్పు ఇవ్వరాదన్నది. సరుకు నగదుకే అమ్మాలని వారు పట్టుబట్టారు. అప్పు ఉన్నచోట కార్మికుడు మంచి సరుకు కోసం పట్టుబట్టలేడని వారు అనుభవం మీద గ్రహించారు. అయితే ఈ నియమానికి ఒక మూల్యం కూడా ఉంది. చేతిలో నగదు లేని నిరుపేదలు ఆ దుకాణానికి దూరంగానే ఉండిపోయారు. కనుక రాచ్‌డేల్ మందును యథాతథంగా తెచ్చి భిలాయ్‌లోని దినకూలీకి పట్టించడం సాధ్యం కాదు. అప్పు నిలిచి ఉండగానే అడిగే హక్కును ఎలా కాపాడుకోవాలన్నది ఇక్కడి సమస్య.

అడిగేవారు వెళ్లిపోతే

సేవ నాసిరకంగా మారినపుడు కొనుగోలుదారుని ముందు రెండు మార్గాలు ఉంటాయని ఆర్థికవేత్త ఆల్బర్ట్ హిర్ష్‌మన్ 1970లో వెలువరించిన గ్రంథంలో వివరించారు. మొదటిది మారు మాటాడకుండా వేరొక చోటికి వెళ్లిపోవడం. రెండవది అక్కడే ఉండి అభ్యంతరం చెప్పడం. ఈ రెంటిలో దేనిని ఎంచుకుంటారన్నది ఆ సంస్థ పట్ల కొనుగోలుదారునికి గల అభిమానంపై ఆధారపడి ఉంటుందని ఆయన అన్నారు.

నైజీరియా రైల్వేలను ఆయన ఉదాహరణగా తీసుకున్నారు. లారీల పోటీ వచ్చిన తర్వాత రైల్వేల పనితీరు మెరుగుపడి ఉండాలి. అలా జరగలేదు. నాణ్యత గురించి పట్టింపు ఉన్నవారు, గట్టిగా అడగగలవారు ముందుగా లారీలకు మళ్లారు. మిగిలినవారికి అడిగే శక్తి లేదు. దానితో రైల్వేలను సరిదిద్దే ఒత్తిడి తగ్గిపోయింది. పోటీ వస్తే సేవ తనంతట తానే బాగుపడుతుందన్న నమ్మకం అన్నివేళలా నిజం కాదని ఈ ఉదాహరణ తెలియజేస్తోంది.

భిలాయ్ చిన్న బజార్లకు ఈ హెచ్చరిక చక్కగా వర్తిస్తుంది. 1980ల దశకంలో కర్మాగారంలో 50 వేల మందికి పైగా ఉద్యోగులు ఉండగా, ఇటీవలి సంవత్సరాలలో ఆ సంఖ్య 20 వేల లోపునకు తగ్గింది. పదవీ విరమణ చేసినవారి స్థానంలో కొత్త నియామకాలు అంతే సంఖ్యలో జరగకపోవడం, కాంట్రాక్టు కార్మికుల వినియోగం పెరగడం ఇందుకు కారణాలు. స్థిరమైన జీతం ఉన్న కుటుంబాలు మాల్‌లకు, ఇంటికే సరుకు తెచ్చి ఇచ్చే ఆన్‌లైన్ సంస్థలకు మళ్లుతున్నాయి. వారు వెళ్లేది చాలావరకు చెప్పకుండానే. ఏ లోపం వల్ల వెళ్లారో దుకాణదారునికి తెలియదు. సెక్టారు దుకాణంలో ధరను ప్రశ్నించి, తూకం సరిచూసి, పాడైన సరుకును తిరిగి తెచ్చి బల్లపై పెట్టేవారు కూడా వీరే. వీరు వెళ్లిపోతే మిగిలేది ఎక్కువగా బాకీ ఉన్నవారు. అంటే వర్తకుడు కొనుగోలుదారులను మాత్రమే కాక, తన లోపాలను తనకు చెప్పేవారిని కూడా పోగొట్టుకుంటున్నాడన్నమాట.

ఫిర్యాదు చేసే ఖాతాదారుని శత్రువుగా చూడడం చిన్న వర్తకుడు చేసే పొరపాట్లలో పెద్దది. నిజానికి ఫిర్యాదుతో వచ్చినవాడు ఆ దుకాణాన్ని ఇంకా వదలలేదన్నమాటే. వదిలివేసినవాడు రాడు.

కంటికి కనబడని లోపం

కిరాణా సరుకులో లోపం కనీసం వంటింట్లోనైనా బయటపడుతుంది. మరమ్మతు పనులలో అదీ ఉండదు. స్కూటరు మెకానిక్, టీవీ, ఫ్రిజ్, సెల్‌ఫోన్ బాగుచేసేవారు, పంపు మోటారుకు తీగ చుట్టేవారు చెప్పిందే కొనుగోలుదారుడు నమ్మవలసి ఉంటుంది. ఏ భాగం చెడింది, మార్చిన భాగం కొత్తదా పాతదా, మార్చవలసిన అవసరం నిజంగా ఉన్నదా అన్నది అతనికి తెలియదు.

అమ్మేవానికి తెలిసి, కొనేవానికి తెలియని లోపం బజారును ఎలా దెబ్బతీస్తుందో అమెరికా ఆర్థికవేత్త జార్జ్ అకర్లాఫ్ 1970లోనే పాత కార్ల బజారును ఉదాహరణగా తీసుకుని నిరూపించారు. మంచి సరుకును చెడు సరుకు నుంచి వేరు చేయలేని కొనుగోలుదారుడు రెంటికీ ఒకే తక్కువ ధర ఇవ్వజూపుతాడు. ఆ ధరకు మంచి సరుకు అమ్మేవాడు బజారు నుంచి తప్పుకుంటాడు. చివరకు చెడు సరుకే మిగులుతుంది. ఈ కృషికిగాను అకర్లాఫ్‌కు 2001లో మరిద్దరితో కలిపి నోబెల్ బహుమతి లభించింది.

మరమ్మతు పనిలో నిజాయితీపరుడైన మెకానిక్‌కు జరిగే అన్యాయం కూడా ఇటువంటిదే. అతడు నిక్కమైన విడిభాగం వేసి న్యాయమైన ధర అడిగినా, పక్కవాడు నకిలీ భాగం వేసి తక్కువ ధర చెబుతాడు. తేడా తెలియని కొనుగోలుదారుడు పక్కవానివద్దకే వెళతాడు. మార్చిన పాత భాగాన్ని కొనుగోలుదారుని చేతికి ఇవ్వడం, వేసిన భాగం పేరు, ధర, కూలి విడివిడిగా కాగితంపై రాసి ఇవ్వడం, ఎన్నాళ్లకు పూచీ ఉంటుందో అందులో పేర్కొనడం వంటి చిన్న అలవాట్లు ఈ తేడాను బయటపెడతాయి. కనుక రసీదు కొనుగోలుదారునికి ఎంత రక్షణో, మంచి పనివానికి అంత ప్రచారం.

చట్టం ఏమంటోంది

భారతదేశంలో వినియోగదారుల రక్షణ చట్టానికి 1986 డిసెంబరు 24న రాష్ట్రపతి ఆమోదం లభించింది. ఏటా ఆ తేదీని జాతీయ వినియోగదారుల దినంగా పాటిస్తున్నారు. దాని స్థానంలో తెచ్చిన 2019 చట్టం 2020 జూలై 20 నుంచి అమలులోకి వచ్చింది. పెద్ద కంపెనీలకే కాక వీధిచివరి దుకాణానికి, రోడ్డుపక్క మరమ్మతు షాపుకు సైతం ఇది వర్తిస్తుంది.

అమ్మిన సరుకుకు, చేసిన పనికి బిల్లు, క్యాష్ మెమో లేదా రసీదు ఇవ్వకపోవడాన్ని ఈ చట్టం అనుచిత వ్యాపార పద్ధతిగా పేర్కొంది. విక్రేత పేరు, చిరునామా, తేదీ, సరుకు వివరం, పరిమాణం, ధర మొదలైనవి అందులో ఉండాలని 2020 నిబంధనలు చెబుతున్నాయి. లోపం ఉన్న సరుకును బిల్లులో పేర్కొన్న గడువులోగా, గడువు పేర్కొనకపోతే 30 రోజులలోగా వాపసు తీసుకుని సొమ్ము చెల్లించేందుకు నిరాకరించడం కూడా అనుచిత పద్ధతే. అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదని గోడకు బోర్డు తగిలించినంత మాత్రాన లోపం ఉన్న సరుకు విషయంలో వర్తకుని బాధ్యత తొలగిపోదు. అయితే మనసు మార్చుకుని మంచి సరుకును తిరిగి ఇచ్చేవానికి ఈ హక్కు వర్తించదన్నది కూడా గుర్తుంచుకోవలసిన విషయం.

భిలాయ్ వంటి ఊళ్లకు అన్నిటికంటె ముఖ్యమైనది వినియోగదారుడు అంటే ఎవరన్న నిర్వచనం. సొమ్ము చెల్లించినవాడే కాక, చెల్లిస్తానని మాట ఇచ్చినవాడు, కొంత చెల్లించి కొంత బాకీ ఉన్నవాడు కూడా చట్టం దృష్టిలో వినియోగదారుడే. ఖాతా మీద పప్పు కొన్న కాంట్రాక్టు కూలీకి, నగదు ఇచ్చి కొన్న అధికారికి చట్టం ముందు తేడా లేదు. బాకీ ఉన్నంత మాత్రాన అడిగే హక్కు పోదని చట్టం స్పష్టంగానే చెబుతున్నదన్నమాట. ఈ సంగతి తెలిసినవారు తక్కువ.

ఫిర్యాదు మార్గం కూడా మునుపటికంటె సులువైంది. వినియోగదారుడు తాను నివసించే లేదా పనిచేసే చోట ఉన్న జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు దాఖలు చేయవచ్చు. భిలాయ్ దుర్గ్ జిల్లాలో ఉంది కనుక ఇక్కడివారు ఆ జిల్లా కమిషన్‌ను ఆశ్రయించవలసి ఉంటుంది. సరుకు లేదా సేవ విలువ 5 లక్షల రూపాయల వరకు ఉంటే రుసుము లేదు. న్యాయవాదిని పెట్టుకోవలసిన నిర్బంధమూ లేదు. వివాదం తలెత్తిన 2 సంవత్సరాలలోగా ఫిర్యాదు చేయాలి. 1915 నంబరుకు ఫోన్ చేస్తే జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం సలహా ఇస్తుంది. ఆ కేంద్రం సేవలు తెలుగులోనూ లభిస్తున్నందున, హిందీలో వివరంగా చెప్పుకోలేని భిలాయ్ తెలుగువారికి ఇది ప్రత్యేకంగా ఉపయోగపడుతుంది.

అయితే చట్టానికి ఉన్న పరిమితిని కూడా చెప్పుకోవాలి. సాధారణంగా 3 నెలలలోగా ఫిర్యాదు తేల్చాలని చట్టం చెబుతున్నా, ఆచరణలో ఆ గడువు దాటిపోవడం మామూలే. వంద రూపాయల సరుకు కోసం ఒక రోజు కూలి పోగొట్టుకుని కమిషన్ మెట్లు ఎక్కేవారు ఎవరూ ఉండరు. కనుక చిన్న కొనుగోళ్ల విషయంలో న్యాయం దుకాణపు బల్ల దగ్గరే జరగాలి. అవసరమైతే వినియోగదారుడు చట్టాన్ని ఆశ్రయించగలడన్న ఎరుక ఇరువురికీ ఉన్నపుడే అక్కడ న్యాయం జరుగుతుంది. ఆ ఎరుకకు ఆధారం మళ్లీ రసీదే.

వర్తకుని ఇబ్బందులు

ఈ వ్యవహారంలో చిన్న వర్తకుని గోడు కూడా వినవలసి ఉంది. 2013లో నిర్వహించిన ఆరవ ఆర్థిక గణన ప్రకారం దేశంలో వ్యవసాయేతర, అనుబంధ కార్యకలాపాలలో 5 కోట్ల 85 లక్షల సంస్థలు ఉండగా, వాటిలో సుమారు 72 శాతం జీతగాడు ఒక్కడు కూడా లేకుండా నడుస్తున్నవే. ఒక్కొక్క సంస్థలో సగటున పనిచేసేవారు ఇద్దరికి కాస్త మించి ఉన్నారు. తూకం వేసేది, లెక్క రాసేది, సరుకు తెచ్చేది, ఫిర్యాదు వినేది ఒక్కరే అయినపుడు, పెద్ద సంస్థలో మాదిరిగా ప్రతి కొనుగోలుకు అచ్చు బిల్లు ఆశించడం న్యాయం కాదని వర్తకులు వాదించవచ్చు.

పన్ను నిబంధనలు సైతం కొంత వెసులుబాటు ఇచ్చాయి. 2017 జూలై 1న అమలులోకి వచ్చిన వస్తుసేవల పన్ను విధానంలో, నమోదైన వర్తకుడు 200 రూపాయల లోపు కొనుగోలుకు, కొనేవాడు అడగని పక్షంలో, విడిగా బిల్లు ఇవ్వనవసరం లేదు. రోజు చివర అన్నిటికీ కలిపి ఒక బిల్లు రాసుకుంటే చాలు. ఇక్కడ అడగని పక్షంలో అన్న మాటే కీలకం. అడిగితే ఇవ్వవలసిందే. అడగడం మాత్రం కొనుగోలుదారుని వంతు.

టోకు వర్తకుడు చిల్లర వర్తకునికి పాడైన సరుకు మార్చి ఇవ్వకపోతే ఆ నష్టం చివరకు కొనుగోలుదారునిపై పడుతుంది. ఇచ్చిన అప్పులు వసూలు కాక మూతపడే దుకాణాలు కార్మికవాడలకు కొత్త కాదు. అంతేకాదు, జీవనోపాధి కోసం తూకం యంత్రమో, ఫ్రిజో కొని మోసపోయిన చిన్న వర్తకుడు కూడా చట్టం ప్రకారం వినియోగదారుడే. లాభం కోసం పెద్ద ఎత్తున జరిపే కొనుగోళ్లను చట్టం మినహాయించినా, స్వయం ఉపాధితో పొట్టపోసుకునేవారిని మినహాయించలేదు. తాను కొనేచోట బిల్లు అడిగి తీసుకునే వర్తకుడు, తాను అమ్మేచోట ఇచ్చేందుకు వెనుకాడడు.

ఇటీవలి కాలంలో వ్యాపించిన యూపీఐ చెల్లింపులు రసీదు కొరతను కొంత తీర్చినట్లు కనబడినా, అది సగం నిజమే. ఎవరికి, ఎప్పుడు, ఎంత చెల్లించినదీ ఫోన్‌లో నమోదవుతుంది. ఏ సరుకు, ఎంత తూకం, ఏ ధర అన్నది నమోదు కాదు. పైగా ఖాతా మీద కొనేవారికి కొన్ననాడు ఆ ఆధారం కూడా ఉండదు.

వడ్డించేవారే యజమానులైన చోట

సేవ బాగుండాలంటే సేవ చేసేవానికి ఆ సంస్థ మంచిచెడ్డలలో వాటా ఉండాలన్న ఆలోచనకు భిలాయ్‌లోనే ఒక ఉదాహరణ కనబడుతుంది. కాఫీ బోర్డు 1950ల దశకంలో తన కాఫీ హౌస్‌లను మూసివేయ తలపెట్టినపుడు, కమ్యూనిస్టు నాయకుడు ఏ.కె. గోపాలన్ ప్రోత్సాహంతో ఉద్యోగులు సహకార సంఘాలుగా ఏర్పడి వాటిని తామే నడపసాగారు. మొదటి సంఘం 1957లో బెంగళూరులో ఏర్పడింది. అలా పుట్టిన ఇండియన్ కాఫీ హౌస్ భిలాయ్‌లో కూడా నడుస్తోంది. అక్కడ కాఫీ తెచ్చి ఇచ్చేవాడే సంఘ సభ్యుడు. కొనుగోలుదారుడు దూరమైతే నష్టపోయేది అతడే.

వీధిచివరి చిన్న దుకాణానికి ఈ బలం పుట్టుకతోనే ఉంది. బల్ల వెనుక నిలబడినవాడే యజమాని. తప్పు జరిగితే పై అధికారిని అడగాలని, కంప్యూటరు ఒప్పుకోవడం లేదని అతడు తప్పించుకోనవసరం లేదు. అక్కడికక్కడే సరిదిద్దే అధికారం అతనికి ఉంది. వేలాది ఉద్యోగులు గల సంస్థలు కోట్లు ఖర్చుచేసినా ఈ సౌకర్యాన్ని సంపాదించలేకపోతున్నాయి. 2020 మార్చి 25న లాక్‌డౌన్ మొదలైన తర్వాత దేశంలోని పలు పట్టణాలలో ఇళ్లకు సరుకు చేరవేసి ఆదుకున్నది ఈ చిన్న దుకాణాలే. ఆ నమ్మకాన్ని నిలబెట్టుకోవడమే వాటి ముందున్న కర్తవ్యం.

బాకీ పద్దే రసీదు

ఇందుకు కొత్త యంత్రాలు, పెద్ద పెట్టుబడులు అక్కరలేదు. ఖాతా పుస్తకాన్ని రెండు ప్రతులుగా ఉంచితే చాలు. ఒకటి దుకాణంలో, మరొకటి కొనుగోలుదారుని ఇంట్లో ఉండాలి. తెలుగునాట పాలవాడి లెక్కకు, కిరాణా పద్దుకు ఇంటివారు చిన్న పుస్తకం ఉంచుకోవడం ఎరిగినదే. ప్రతి కొనుగోలుకు తేదీ, సరుకు, తూకం, ధర రెండు పుస్తకాలలోనూ రాసి, ఇంటి పుస్తకంపై దుకాణం ముద్ర, సంతకం వేస్తే నిబంధనలు కోరుతున్న వివరాలలో ముఖ్యమైనవన్నీ అందులో ఉన్నట్లే. నాటివరకు కొనుగోలుదారుని నోరు నొక్కుతున్న బాకీ పద్దు, నాటి నుంచి అతని చేతిలోని రసీదుగా మారుతుంది. వర్తకునికి సైతం బాకీ వసూలుకు అంతకంటె గట్టి ఆధారం మరొకటి ఉండదు.

కొనుగోలుదారుని వైపు నుంచి కూడా కొంత బాధ్యత లేకపోలేదు. మాల్‌లో అచ్చువేసిన ధరను మారు మాటాడకుండా చెల్లించి, వీధి దుకాణంలో ఐదు రూపాయలకు బేరమాడడం న్యాయం కాదు. ఒప్పుకున్న తేదీకి బాకీ చెల్లించడం, లోపం కనబడితే పదిమందికి చెప్పకముందు దుకాణదారునికి చెప్పడం, బాగా చేసిన పనికి బాగుందని ఒక మాట అనడం అతని వంతు. వీటికి బదులుగా నిండు తూకం, ముందుగా చెప్పిన ధర, లోపం ఉన్న సరుకుకు మార్పు, చేయలేని పనిని చేయలేనని చెప్పే నిజాయితీ ఆశించడం అత్యాశ కానేరదు.

చిన్న దుకాణం నుంచి మంచి సేవ ఆశించడం దయాదాక్షిణ్యాలకు సంబంధించిన విషయం కాదు. స్థిరమైన జీతం ఉన్నవారికి ఇది కాస్త అసౌకర్యం మాత్రమే కావచ్చు. దినకూలీకి మాత్రం ఇది ఇంటిల్లిపాది తినే తిండికి, ఆ రోజు పడిన శ్రమకు సంబంధించిన విషయం. వేరే చోటికి వెళ్లగలిగినవారు వెళ్లిపోకముందే, వెళ్లలేనివారికి అడిగే ధైర్యం కలిగించగలిగితే భిలాయ్ చిన్న బజార్లు నిలబడతాయి. ఆ ధైర్యానికి అయ్యే ఖర్చు ఒక చిన్న నోటుపుస్తకం వెల.